గెలిచే కంపెనీలే రేసింగ్ నుంచి ఎందుకు తప్పుకుంటాయి? లె మాన్ చెప్పే లెక్క

2025 అక్టోబర్‌లో పోర్షే ఓ ప్రకటన చేసింది. వరల్డ్ ఎండ్యూరెన్స్ ఛాంపియన్‌షిప్‌లో, అంటే డబ్ల్యూఈసీలో, హైపర్‌కార్ క్లాస్‌కి ఆ సీజన్‌తోనే గుడ్‌బై అని. ఈ ఛాంపియన్‌షిప్‌లో అతి పెద్ద రేసు ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటలు. దాన్ని 19 సార్లు గెలిచి అందరికంటే పైన ఉన్నది పోర్షేనే. పైగా ఆ ఏడాది జూన్‌లో 24 గంటలు పరుగెత్తి, కేవలం 14 సెకన్ల తేడాతో రెండో స్థానంలో నిలిచింది. అంత దగ్గరికొచ్చాక వెళ్లిపోవడం ఏంటి?

ఫోన్లు ఫాలో అయ్యేవాళ్లు ఇలాంటిది చూసే ఉంటారు. స్క్రీన్ తిరిగే వింగ్ ఫోన్ తెచ్చిన కొన్ని నెలలకే, 2021లో, ఎల్‌జీ మొత్తం ఫోన్ల బిజినెస్‌నే మూసేసింది. ప్రాడక్ట్ ఎంత బాగుందన్నది ఒక లెక్క, బోర్డ్ రూమ్‌లో నడిచేది ఇంకో లెక్క.

ఇది అర్థం కావాలంటే 2014కి వెళ్లాలి. అప్పటి టాప్ క్లాస్ పేరు ఎల్ఎంపీ1. దాని రూల్స్ చూస్తే ఏ ఇంజినీర్‌కైనా నోరూరుతుంది. ల్యాప్‌కి ఇంత ఇంధనం, ఇంత హైబ్రిడ్ ఎనర్జీ అని లిమిట్ పెట్టి, దాన్ని ఎలా వాడుకుంటారో మీ ఇష్టం అని వదిలేశారు. దాంతో మూడు కంపెనీలు మూడు దారుల్లో వెళ్లాయి. ఆడి డీజిల్ ఇంజిన్ పెట్టి, బ్రేక్ వేసినప్పుడు వచ్చే ఎనర్జీని గిర్రున తిరిగే ఫ్లైవీల్‌లో దాచింది. టొయోటా సూపర్‌కెపాసిటర్ వాడింది. పోర్షే 2 లీటర్ల వీ4 పెట్రోల్ ఇంజిన్‌కి లిథియం అయాన్ బ్యాటరీ జోడించి, ఎగ్జాస్ట్ గాలితో కూడా కరెంట్ తయారుచేసింది. 2016 వచ్చేసరికి మూడూ బ్యాటరీకే వచ్చాయి. ఏది బెస్ట్ అన్నది ట్రాక్ మీదే తేలింది.

అందులో పోర్షే 919 సిస్టమ్ 800 వోల్టులది. ఫాస్ట్ చార్జింగ్ గురించి చదివేవాళ్లకు దీని లాజిక్ తెలుసు. అదే పవర్ పంపడానికి వోల్టేజ్ రెట్టింపు చేస్తే కరెంట్ సగమవుతుంది. వేడిగా వృథా అయ్యేది కరెంట్ స్క్వేర్‌ని బట్టి కాబట్టి, అదే వైర్‌లో నష్టం నాలుగో వంతుకి పడిపోతుంది. లేదా వైర్ సన్నగా పెట్టుకుని బరువు తగ్గించుకోవచ్చు. 2019లో ఈ 800 వోల్టులే టైకాన్ ఎలక్ట్రిక్ కారులోకి వచ్చాయి. రేసింగ్ టెక్ రోడ్డు మీదకొస్తుందని కంపెనీలు ఎప్పుడూ చెప్పే మాట ఇక్కడ నిజమైంది.

మరి ఎందుకు కూలింది? ఖర్చు. ప్రతి ముక్కా సొంతంగా డిజైన్ చేయాలి, ప్రతి ఏడాదీ కొత్తది కావాలి. దానిపైన 2015 సెప్టెంబర్‌లో డీజిల్‌గేట్ బయటపడింది. ఎమిషన్ టెస్టుల్ని మోసం చేసే సాఫ్ట్‌వేర్, కోటికి పైగా కార్లలో. ఆడి, పోర్షే రెండూ ఆ ఫోక్స్‌వ్యాగన్ గ్రూపువే. ఒకే ఇంట్లో అన్నదమ్ములు రెండు వేర్వేరు బడ్జెట్లతో ఒకరి మీద ఒకరు పోటీపడుతున్నారన్నమాట! పైగా డీజిల్ గొప్పదనం చూపించడానికే ఆడి డీజిల్‌తో లె మాన్‌కి వెళ్లింది. ఇప్పుడు ఆ మాట పైకి అనలేని పరిస్థితి. 13 లె మాన్ విజయాలున్న ఆడి 2016 చివర్లో తప్పుకుంది. వరసగా మూడుసార్లు గెలిచిన పోర్షే 2017 తర్వాత అదే పని చేసింది. 2016లో చివరి నిమిషాల్లో కారు మొరాయించి గెలుపు పోగొట్టుకున్న టొయోటా, 2018లో ఎట్టకేలకు గెలిచింది. పాపం, అప్పటికి పోటీకి ఇంకో పెద్ద కంపెనీయే లేదు.

వెళ్లినవాళ్లు చెప్పిన అడ్రస్ ఫార్ములా ఈ. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన రేసు గుర్తుందా? అందులో పోర్షే కారు మూడో స్థానంలో వచ్చింది. ఆడి మాత్రం అక్కడ లేదు, 2021లోనే ఫార్ములా ఈ నుంచి కూడా వెళ్లిపోయింది.

ఈ దెబ్బ తిన్నాక నిర్వాహకులు రూల్స్ మార్చారు. ఇప్పటి హైపర్‌కార్ క్లాస్‌లో ఎల్ఎండీహెచ్ అనే చవక దారి ఒకటుంది. ఛాసిస్ నాలుగు కంపెనీల్లో ఒకదాని దగ్గర కొనుక్కోవాలి. హైబ్రిడ్ సిస్టమ్ అందరికీ ఒకటే. అందరూ ఒకే స్నాప్‌డ్రాగన్ కొని, కెమెరా బంప్ మాత్రం మార్చుకునే ఫోన్ల లాగా. పాత 919లో ముందు చక్రాల మోటార్ ఒక్కటే 400 హార్స్‌పవర్ దాటేది. ఇప్పటి 963లో హైబ్రిడ్ మోటార్ 50 కిలోవాట్లు, అంటే 67 హార్స్‌పవర్ చిల్లర. దీనిపైన బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్. ఎవరైనా మరీ ముందుకెళ్తే బరువు పెంచి, పవర్ తగ్గించి సమానం చేస్తారు.

పోటీ అదిరిపోయింది, అందులో డౌట్ లేదు. ఫెరారీ 50 ఏళ్ల తర్వాత టాప్ క్లాస్‌కి తిరిగొచ్చి 2023, 2024, 2025 లె మాన్ గెలిచింది. కానీ నాకు కనిపించే చిక్కు ఒకటుంది. సొంత బ్యాటరీ, సొంత మోటార్ చేస్తున్నప్పుడు రేసింగ్ ఖర్చుని ఆర్ అండ్ డీ కింద రాసుకోవచ్చు. ఆ భాగాలు బయట కొంటున్నప్పుడు అది దాదాపుగా మార్కెటింగ్ ఖర్చే. సేల్స్ తగ్గితే ఏ కంపెనీలోనైనా ముందు కోత పడేది దానికే. చవకగా వచ్చినవాళ్లు చవకగానే పోతారు. 2025 నుంచి కంపెనీకి కనీసం రెండు కార్లు ఉండాలన్నారు, ఒక్క కారు నడుపుతున్న లంబోర్గినీ 2024తో డబ్ల్యూఈసీ ఆపేసింది.

పోర్షే కథ కూడా ఇలాగే ఉంది. చైనాలో అమ్మకాలు పడిపోయాయి, ఎలక్ట్రిక్ ప్లాన్స్ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, 2025 సెప్టెంబర్‌లో లాభాల అంచనా తగ్గించుకుంది. వెంటనే అక్టోబర్ ప్రకటన. అదే 963 అమెరికాలోని ఇంసా సిరీస్‌లో మాత్రం కొనసాగుతుందని చెప్పింది. పోర్షేకి ఇప్పుడు అతి పెద్ద మార్కెట్ ఉత్తర అమెరికా మరి.

ఖాళీ అయిన చోటుకి రావడానికి క్యూ ఉంది. జెనెసిస్ 2026 సీజన్‌కి, ఫోర్డ్, మెక్‌లారెన్ 2027కి పేర్లు ఇచ్చాయి. మూడూ ఎంచుకున్నది ఎల్ఎండీహెచ్ దారే. జెనెసిస్, ఫోర్డ్ రెండూ ఛాసిస్ కొంటున్నది ఒకే షాపులో, ఫ్రాన్స్‌లోని ఒరెకా దగ్గర.