ఎక్కడున్నావని కాదు... ఎందుకు ఆగావని అడగాలి!

‘‘మీ యాప్ ‘ఎక్కడున్నావ్’ అని రోజంతా అడుగుతూనే ఉంటుంది బాబూ. ‘ఎందుకు ఆగావ్’ అని ఒక్కసారి కూడా అడగదు.’’

విజయవాడ నుంచి చెన్నై వెళ్తున్న లారీ క్యాబిన్‌లో, ఒంగోలు దాటాక టీ తాగుతూ డ్రైవర్ బాబాయ్ అన్న మాట ఇది. నవ్వుతూనే అన్నాడు. నాకే నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ యాప్ తయారు చేసినవాళ్లలో నేనూ ఒకణ్ని.

బండి ఎక్కడుంది, ఎంత స్పీడులో వెళ్తోంది, ఎంతసేపు ఆగింది... ఇవన్నీ నిమిషాల మీద ఆఫీసుకు చేరవేయడమే దాని పని. ఓ ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ కోసం చేశాం. మొదటిరోజు ఆఫీసులో చప్పట్లు కొట్టారు. మూడు నెలలు తిరక్కముందే డ్రైవర్లు ఒక్కొక్కరే తాళాలు అప్పజెప్పి వేరే ఓనర్ల దగ్గరికి వెళ్లిపోవడం మొదలుపెట్టారు. ఉన్నవాళ్లేమో ఫోన్ స్విచాఫ్ చేసేస్తున్నారు. ‘లోపం ఎక్కడుందో చూసి రా’ అన్నారు మా మేనేజర్. అలా లారీ ఎక్కాను.

గేటు బయట ఓ రోజు

విజయవాడ నుంచి చెన్నై దాదాపు 450 కిలోమీటర్లు. సాయంత్రం బయల్దేరి నెల్లూరు, సూళ్లూరుపేట, తడ మీదుగా తెల్లవారేసరికి గోదాం ముందున్నాం. అసలు కష్టం అక్కడ మొదలైంది. మా ముందు పొడవాటి లైను. నీడ లేదు, బాత్‌రూమ్ లేదు. బండి వదిలి పక్కకు వెళ్తే వంతు పోతుంది. సరుకు దించడం మర్నాడు మధ్యాహ్నానికి గానీ మొదలవలేదు.

ఈలోగా బాబాయ్ ఫోన్‌కు ఓ మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. ‘ఏముందో చదువు బాబూ’ అన్నాడు. ‘మీ బండి ఆరు గంటలుగా కదలడం లేదు. కారణం తెలపండి’ అని ఉంది. ఆ వాక్యం రాసింది నేనే. ఏసీ గదిలో కూర్చుని రాసినప్పుడు అది మామూలు మాటలాగే అనిపించింది. ఎండలో రేకు వేడెక్కిన క్యాబిన్‌లో కూర్చుని చదువుతుంటే సంజాయిషీ నోటీసులా ఉంది.

మన దగ్గర చాలామంది డ్రైవర్లకు సంపాదన ట్రిప్పుల లెక్కన వస్తుంది. బండి తిరిగితేనే డబ్బు. గేటు దగ్గర పోయిన రోజుకు లెక్కే లేదు. ‘హాల్టింగ్’ డబ్బులు ఇవ్వాలన్న మాట ఉన్నా, ‘నువ్వు ఎప్పుడొచ్చావో రుజువేది?’ అంటే నోరు మూసుకోవాల్సిందే. విచిత్రమేమిటంటే ఆ రుజువు మా సర్వర్‌లో నిమిషాలతో సహా ఉంది. డ్రైవర్‌ను నిలదీయడానికి దాన్ని వాడాం గానీ, ఆయన తరఫున ఒక్కసారీ వాడలేదు.

అమెరికాలోనూ ఇదే కథ

తిరిగొచ్చాక వేరే దేశాల సంగతి చదివాను. అమెరికాలో పెద్ద ట్రక్కు కంపెనీల్లో డ్రైవర్లు మారిపోయే రేటు చాలా ఏళ్లపాటు ఏడాదికి 90 శాతం చుట్టూ తిరిగింది. అంటే వంద సీట్లున్న కంపెనీ ఏడాదిలో తొంభై నియామకాలు చేసుకోవాలి. వెళ్లినవాళ్లలో చాలామంది డ్రైవింగ్ మానరు, పక్క కంపెనీకి మారతారు. 2017 డిసెంబరు నుంచి అక్కడ ఇంజిన్‌కు కలిపే ఎలక్ట్రానిక్ లాగ్ తప్పనిసరి చేశారు. రోజుకు 11 గంటలకు మించి నడపకూడదన్న నియమం అమలు కావడానికి అది పనికొచ్చింది. కానీ గోదాం దగ్గర కూర్చున్నా పని గడియారం తిరుగుతూనే ఉంటుంది. పరికరం టైమును లెక్కపెడుతుంది, పోయిన టైమును తిరిగివ్వదు.

మన దేశంలో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకు 8 గంటల పని అంది. రోడ్డు మీద అది ఎంత అమలైందో లారీ డ్రైవర్ ఉన్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు.

ఏం మార్చాం?

మొదట, బండి గోదాం దగ్గరికి చేరగానే యాప్ దానంతటదే వెయిటింగ్ టైము రాసుకునేలా చేశాం. లోపలికి వెళ్లింది, సరుకు దించింది, బయటికొచ్చింది... అన్నీ డ్రైవర్ ఫోన్‌లోనూ కనిపిస్తాయి. సిగ్నల్ లేకపోతే ఫోన్‌లోనే దాచుకుని, నెట్ రాగానే పంపుతుంది. హాల్టింగ్ బిల్లుకు అదే ఆధారం.

రెండోది డబ్బు. సరుకు ముట్టిందని సంతకం చేసిచ్చిన కాగితం ఆఫీసుకు చేరేదాకా బాకీ ఆగిపోయేది. ఇప్పుడు ఫొటో తీసి పంపితే చాలు, బత్తా బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఎంత వచ్చింది, ఎందులో ఎంత కోశారు అన్నది తెలుగులో కనిపిస్తుంది.

మూడోది ఇల్లు. ‘ఏ తేదీకి ఇంటికి వెళ్లాలి?’ అన్న బటన్ పెట్టాం. రిటర్న్ లోడు చూసేవాళ్లు ఆ తేదీని బట్టి బండిని అటు తిప్పాలి. గురుగ్రామ్‌లో 2014లో మొదలైన రివిగో సంస్థ ఇంకో అడుగు ముందుకేసింది. నాలుగైదు గంటలకో డ్రైవర్‌ను మార్చి, మొదటాయన వేరే బండిలో వెనక్కి ఇంటికి చేరేలా రిలే పద్ధతి నడిపింది. అంత ఏర్పాటు మా వల్ల కాలేదు. కనీసం తేదీ అడగడమైనా మొదలైంది.

ఇక ఇంగ్లీషు మెసేజ్‌లు తీసేశాం. డ్రైవర్ మైకు నొక్కి మాట్లాడితే చాలు. డ్యూటీ దిగాక ట్రాకింగ్ ఆగిపోతుంది. దీనికి ఆఫీసు మొదట ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక స్విచాఫ్‌లు తగ్గాయి.

యాప్ చేయలేనిది

వెళ్లిపోయినవాళ్లు అందరూ తిరిగి రాలేదు. ఇప్పుడూ కొందరు వెళ్తున్నారు. ఫోన్ నీడ ఇవ్వదు, బాత్‌రూమ్ కట్టదు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరైంది గానీ, రోడ్డు మీదున్న పాత బళ్ల వేడి మాత్రం అలాగే ఉంది. హాల్టింగ్ రుజువు చూపించినా డబ్బు చెల్లించాల్సింది మనిషే. ఓనర్లకు నేను చెప్పేది ఒకటే. యాప్ కొనేముందు, మీ స్క్రీన్ మీద కనిపించే దాంట్లో డ్రైవర్‌కు ఎంత కనిపిస్తుందో అడగండి.

ఈమధ్య బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన కొడుకు ఇంటర్ అయిపోయి ఖాళీగా ఉన్నాడట. ‘‘లారీ నేర్పిస్తావా బాబాయ్?’’ అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. ‘‘ఈసారి సంక్రాంతికి ఇంటికి రావాలని తేదీ పెట్టా బాబూ. పంపిస్తారో లేదో చూద్దాం. వాడి సంగతి తర్వాత’’ అన్నాడు.