నీటిపై తేలెడి ఉండలు

ఏప్రిల్ మాసపు నడిమి దినములలో బర్మాదేశమున నూతన సంవత్సరము ప్రవేశించును. 1989 నుండి ఆ దేశమునకు మయన్మారు అని పేరు. సంవత్సరాదికి ముందు దినములలో అచటి ప్రజలు వీధులలో నిలిచి ఒకరిపై నొకరు నీళ్లు చల్లుకొందురు. ఈ పండుగను తింజాన్ అందురు. అప్పుడే ఇరుగుపొరుగువారు ఒకచోట గూడి, పెద్ద పాత్రలో నీరు మరిగించి, ఒక తీపి వంటకమును చేసి, వచ్చినవారికెల్ల పంచిపెట్టుదురు. దానిని "మోన్ లోన్ యే బో" అని పిలుతురు. మోన్ అనగా చిరుతిండి. లోన్ అనగా గుండ్రనిది. యే అనగా నీరు. బో అనగా పైన. నీటిపై తేలెడి ఉండలని భావము. ఒకప్పుడు మన తీరపు జిల్లాలనుండి ఓడలెక్కి రంగూనుకు పోయి బ్రతికిన తెలుగువారు వేలకొలది కలరు. వారు ఈ సంబరమును కన్నులార చూచియుందురు.

చూపునకు ఇవి మన ఉండ్రాళ్లవలె నుండును. లోపల బెల్లపు ముక్క యుండుటచే పూర్ణపు కుడుమును గూడ తలపించును. కాని నోట వేసికొన్నచో భేదము తెలియును. ఉండ్రము విరుగును, ఇది సాగును. ఆ భేదమంతయు బియ్యములోనిది.

బర్మావారు ఈ వంటకు వాడునది "కౌక్‌న్యిన్" అను జిగురు బియ్యము. మన బియ్యపు గింజ కొంచెము పారదర్శకముగ నుండును. జిగురు బియ్యపు గింజ సుద్దవలె తెల్లగ నుండును. పిండిపదార్థమున రెండు రకములు కలవు. అమైలోజు అనునది తిన్నని గొలుసువంటిది. అమైలోపెక్టిన్ అనునది కొమ్మలు రెమ్మలు గల చెట్టువంటిది. సాధారణపు బియ్యములో అమైలోజు కొంత యుండుటచే అన్నము చల్లారగానే గట్టిపడును. జిగురు బియ్యములో అమైలోజు దాదాపు లేనేలేదు. అందుచే అది మెత్తగ అంటుకొనియుండును. పేరు విని, గోధుమలోని గ్లూటెన్ ఇందును కలదని కొందరు భ్రమపడుదురు. అట్టిదేమియు లేదు. రెండు పిండులను వేరువేరుగ నీటిలో ఉడికించి, చల్లారిన పిమ్మట ఒక్కొక్క చుక్క అయొడిన్ ద్రావణము వేసి చూడుడు. మన బియ్యపుపిండి ముదురు నీలివర్ణమును, జిగురు బియ్యపుపిండి ఎఱుపు కలసిన గోధుమవర్ణమును పొందును. పరీక్షించిన పిండిని మాత్రము తినరాదు.

ఇక చేయు విధము. జిగురు బియ్యమును రాత్రి నానబెట్టి, ఉదయమున మెత్తగ రుబ్బి, గుడ్డలో మూటగట్టి నీరు ఓడ్చుట పాతపద్ధతి. పొడిపిండి దొరకినచో శ్రమ తగ్గును. 160 గ్రాముల జిగురు పిండికి 40 గ్రాముల సాధారణపు బియ్యపుపిండియు, చిటికెడు ఉప్పును చేర్పవలెను. సాధారణపు పిండి కలుపనిచో ఉండలు మిక్కిలి మెత్తబడి ఆకారము చెడును. సుమారు 160 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిని కొంచెము కొంచెముగ పోయుచు పిసుకవలెను. ఉండ్రాళ్లకు వలె పిండిని ముందుగ ఉడికింపరాదు. ముద్ద చేతికి అంటరాదు, నొక్కినచో అంచులు పగులరాదు. పగిలినచో తడి చాలలేదని యెఱుగవలెను. తడిగుడ్డ కప్పి యుంచుడు.

ముద్దనుండి చిన్న నిమ్మకాయంత తీసి, అరచేతిలో గుంటగ నొత్తి, శనగగింజకంటె కొంచెము పెద్దదగు తాటిబెల్లపు ముక్క నుంచి, మూసి, గుండ్రముగ చేయవలెను. పగాను పరిసరములందలి మెట్టభూములలో తాళవృక్షములు విస్తారము. అచటి బెల్లమును వానినుండియే తీయుదురు. కావున మన తాటిబెల్లమును వాడుట ఆ దేశపు రుచికి దూరము కాదు. మూసినచోట సన్నని పగులున్నను బెల్లము కరగి బయటికి వచ్చును. నీరు ఎఱ్ఱబడును, ఉండ బోలగును. క్రొత్తగ చేయువారి కెల్ల కలుగు కష్ట మిదియే.

నీరు తెర్లుచుండగా ఉండలను వేయుడు. మొదట అవి అడుగునకు దిగును. అంటుకొనకుండ గరిటెతో మెల్లగ కదపవలెను. ఉడుకుచుండగా పిండి నీరు పీల్చి ఉబ్బును. లోనున్న గాలియు వేడికి వ్యాకోచించును. ఇట్లు పరిమాణము పెరిగి, ఉండ తనంత తానే పైకి తేలును. తేలిన పిమ్మట ఒక నిమిషము తాళి, చిల్లుల గరిటెతో తీసి, చన్నీట ముంచి, కొబ్బరికోరు చల్లవలెను.

జావాద్వీపమున ఇట్టివే క్లెపొన్ అను పేర కలవు. ఆకురసముచే పచ్చగ నుండును, కొబ్బరికోరులో దొర్లింతురు. వియత్నాములో మూడవ చాంద్రమాసమున మూడవనాడు చేయుదురు. రుచిలో నాకు జావావారివే మేలని తోచును గాని, నలుగురు గూడి చేయు సందడి బర్మావారిదే.

వేడివేడిగ తినగోరువారు జాగ్రత్త వహింపవలెను. పైన చల్లారినను లోని బెల్లము పాకమై నాలుకను కాల్చును. జిగురు ఉండ గొంతున అడ్డుపడవచ్చును గనుక చిన్నబిడ్డలకు పెట్టరాదు. వృద్ధులకు చిన్నముక్కలుగ చేసి పెట్టవలెను. ఎవరైనను బాగుగ నమిలి మ్రింగవలెను. చేసిననాడే తినివేయుట మంచిది, మరునాటికి గట్టిపడును.

తింజాన్‌నాడు కొంటె యువకులు ఒకటి రెండు ఉండలలో బెల్లమునకు మారుగ చిన్న మిరపకాయను దాచుదురు. అన్నియు ఒకే తెలుపు, ఒకే పరిమాణము. పాత్రలో కలిసిపోయిన పిదప అది యేదో దాచినవారును పోల్చుకొనలేరు.