పచ్చడిజాడియు పక్షవాతమును

వేసవి వచ్చినంతనే తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల ఇంటింట మామిడికాయలు కొట్టు చప్పుడు వినవచ్చును. ఉప్పు, కారము, ఆవపిండి కలిపి, నూనె పోసి, సంవత్సరమునకు సరిపడు ఆవకాయను జాడీల కెత్తుట మన గృహిణుల నేర్పు. ఆ నేర్పును నిందించుట మా యుద్దేశము కాదు. కాని నిన్నటివరకు పొలముగట్లపై తిరిగిన మనిషి నేడు కాలు, చేయి, మాట పడిపోయి మంచము పట్టుటకును, ఆ జాడీలోని ఉప్పునకును గల సంబంధమును పాఠకుల దృష్టికి దేక తప్పదు.

పక్షవాతము గాలి సోకుటచే వచ్చునది కాదు; మెదడులోని రక్తనాళమునకు గలుగు హాని. నాళము పూడిపోవుట యొక విధము, చిట్లుట వేరొక విధము. రెంటికిని రక్తపుపోటు ప్రధానకారణము. మితిమీరిన ఉప్పు దేహమున నీటిని నిలుపును, పోటు హెచ్చును. మెదడు లోతులకు బోవు సన్నని నాళముల గోడలు ఏండ్లతరబడి ఆ యొత్తిడికి దెబ్బతిని, గట్టిపడి, తుదకొకనాడు మూసికొనును, లేదా పగులును. అంతవరకు నొప్పి యుండదు గనుక, పోటు చూపించుకొననివానికి ముప్పు తెలియనే తెలియదు.

ఇది పట్టణములవారి జబ్బనియు, ఒళ్లు వంచి పనిచేయువారికి రాదనియు తలచువారు పెక్కురు. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో మరణకారణములను విచారించి 2006 లో ప్రకటించిన పరిశోధన ఈ భ్రమను తొలగించినది. అచ్చటి మరణములలో నూటికి సుమారు 13 మెదడు రక్తనాళముల జబ్బువలననే సంభవించినవి. మన డెల్టా భోజనమునకును ఆ డెల్టా భోజనమునకును భేదమెంత? 2017 లో వెలువడిన వేరొక పరిశోధన, మూత్రపరీక్షల మూలమున, ఆంధ్రదేశమున సగటుమనిషి దినమునకు 9 గ్రాములకు పైగా ఉప్పు తినుచున్నాడని తేల్చినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించిన మితి 5 గ్రాములకు లోపు. అనగా ఒక చిన్నచెంచాడు.

ఈ యధికమైన ఉప్పు ఎచ్చటినుండి వచ్చుచున్నది? పప్పులో ఉప్పు, కూరలో ఉప్పు, చారులో ఉప్పు. ఇవి చాలక ప్రక్కన గోంగూరపచ్చడి, మజ్జిగలోనికి ఊరమిరపకాయ. నిజాంపట్టణపు తీరమున ఎండుచేప. బాపట్ల పరిశోధనాక్షేత్రమున రూపొంది 1986 లో విడుదలయైన సాంబమసూరి మన కీర్తి నెంతయో పెంచినది, నిజమే. కాని బాగుగా పాలిషు పట్టిన ఆ తెల్లని అన్నమును కొండవలె వడ్డించుకొన్నప్పుడు, దానిని దింపుటకు పచ్చడియు ఆ కొలతనే పడుచున్నది. అన్నము హెచ్చినకొలది మధుమేహభయమును హెచ్చును. మధుమేహమును మెదడునాళములకు శత్రువే.

1930 లో దేవరంపాడు శిబిరమున ప్రకాశం పంతులుగారు నడపిన ఉప్పుసత్యాగ్రహము బీదవాని ఉప్పుపై పన్ను నెదిరించుటకే గాని, ఉప్పు నధికముగా తినుటకు గాదని వేరుగ జెప్పవలెనా?

నివారణ కష్టము కాదనుటకు చీనాదేశపు నిదర్శన మున్నది. అచ్చట 600 గ్రామములలో, సుమారు 21,000 మందిలో సగము గ్రామములవారికి, మామూలు ఉప్పులో నాలుగవవంతు తీసి పొటాషియం లవణము కలిపి యిచ్చిరి. సుమారు అయిదేండ్లలో వారికి పక్షవాతము నూటికి 14 వంతులు తగ్గినట్లు 2021 లో ప్రకటించిరి. పక్షవాతమో రక్తపుపోటో ముందే యున్నవారే అందు ముఖ్యముగా చేరినవారు. అయితే మూత్రపిండముల జబ్బు గలవారు వైద్యుని సలహా లేక అట్టి ఉప్పును ముట్టరాదు. తక్కినవారికి ఆ పొటాషియమును మన కొల్లూరు లంకల అరటిపండ్లును, పెరటి ఆకుకూరలును, పప్పుదినుసులును ఉచితముగానో చవుకగానో ఇచ్చుచున్నవి. ఉప్పు తగ్గిన కూరకు తెనాలి నిమ్మకాయ పిండిన రుచి లోపము చాలవరకు తీరును. నాలుక కొన్నివారములలో అలవాటుపడును.

వంటలో ఉప్పు తగ్గింపుడని ఇల్లాండ్రకు బోధించుట సులభము. విస్తరిముందు కూర్చుండి, రుచి చూడకమునుపే “ఉప్పు తెమ్ము” అని కేకవేయు యజమానుని సంగతి యేమి? ఈ వ్యాసము మేము ముఖ్యముగా ఆయనకొరకే వ్రాసితిమి.