అంటు కట్టిన గంజి

స్వర్ణముఖికి క్రొత్తనీరు వచ్చినప్పుడు మా అవ్వ కుండలోపల చిల్లగింజను అరగదీసి, అందు ఆ బురదనీటిని పోసెడిది. తెల్లవారునప్పటికి మన్ను అడుగంటి నీరు తేటపడెడిది. మనుస్మృతి ఆఱవ అధ్యాయమున కతకమని పేర్కొనఁబడినది ఈ గింజయే.

నీటిలోని బంకమన్ను రేణువులు ఋణవిద్యుత్తు గలవి. కావున ఒండొంటిని త్రోసికొనుచు దిగక తేలుచుండును. పొడవైన గొలుసువంటి అణువు వానిని కూర్చి ముద్దచేసినచో బరువెక్కి దిగును. గంజిలోని పిండిపదార్థమును అట్టి గొలుసే. కాని దాని పట్టు చాలదు, పైగా త్వరలో పులిసిపోవును. అందుచే రసాయనశాస్త్రజ్ఞులు, మన చిత్తూరు తోటలలో నాటుమామిడికి అంటు కట్టినట్లు, సీరియం లవణముతో పిండిగొలుసుపై మొలకతావులు కల్పించి, పాలిఅక్రిలమైడు కొమ్మలను పెంచుదురు. చాచిన ఆ కొమ్మలు దూరపు రేణువులను సయితము పట్టి దింపును.

అయితే ఒక్క హెచ్చరిక. కొమ్మగా మాఱక మిగిలిన అక్రిలమైడు నాడులకు విషము. త్రాగునీటిలో అది లీటరుకు 0.5 మైక్రోగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. ఆ విషము కంటికి కానరాదు, కాఁచినను పోవునని నమ్మరాదు. తేటనీరెల్ల మంచినీరు కాదు. మా అవ్వ తేఱిన నీటిని కాఁచి, వడగట్టి కాని మాకు ఇచ్చెడిది కాదు. ఆ జాగ్రత్తనే నేఁడు పరీక్షాశాల వహింపవలెను.