బొమ్మలపనికి పట్టము కావలెనా?



మొన్న వేసవిలో మారేడుమిల్లి సంతలో ఒక పెద్దాయన నన్ను నిలిపి, "బాబూ, మా మనవడు కంప్యూటరులో బొమ్మలూ అక్షరాలూ కూరుస్తున్నాడు. నాలుగేళ్లు చదివితేగాని ఆ ఉద్యోగం రాదని పట్నంలో కాలేజీవారంటున్నారు. ఏడాదికి లక్ష పైమాటేనట. మూడేళ్ల జీడిపంట ముందే షావుకారుకు అమ్మేయమంటారా?" అని అడిగిరి. సంతలో తొందరపడి చెప్పిన సమాధానము నాకే తృప్తి కలిగింపలేదు. కావుననే ఈ ప్రసంగము.

పుస్తకపు అట్ట, సరకు పొట్లముపై చీటి, గోడపత్రిక, శుభలేఖ, వీనియందు అక్షరమును బొమ్మను చూపరులకు విషయము తెలియునట్లు అమర్చు పనినే గ్రాఫిక్ డిజైను అందురు. వైద్యునకు, న్యాయవాదికి పట్టముండవలెనని చట్టము విధించినది. ఈ పనికి అట్టి నిర్బంధము లేదు. పని యిచ్చువాడు సాధారణముగా ముందు చూడగోరునది పట్టమును గాదు, చేసిన పనులను. ప్రభుత్వోద్యోగములు, ఉపాధ్యాయ పదవులు మాత్రము వేరు.

బాపుగారు (1933–2014) మద్రాసు విశ్వవిద్యాలయమున 1955లో న్యాయశాస్త్ర పట్టము పొందిరి, చిత్రకళాశాలలో చదువలేదు. ఆయన చేతివ్రాతయే నేడు కంప్యూటరులలో అక్షరరూపమై యున్నది. చందమామ, యువ పత్రికలకు ముఖచిత్రములు వ్రాసిన వడ్డాది పాపయ్యగారికి (1921–1992) చిత్రలేఖనోపాధ్యాయుడైన తండ్రియే గురువు. ఈ పేర్లు చెప్పి "చదువెందుకు?" అనువారు ఒక సంగతి మరతురు. బాపుగారికి పత్రికలు, అచ్చుకూటములు, ప్రకటనల సంస్థలు గల మద్రాసు నగరమే బడి యయ్యెను; పాపయ్యగారికి ఇల్లే బడి. మన పెద్దాయన మనుమడో, అచ్చుయంత్రమును కంటితో చూచి యెరుగడు.

వాడు చేసిన తేనెసీసా చీటిని చూచితిని. చేయి చక్కనిదే. తెరమీద లేతాకువలె మెరసిన రంగు కాగితముపై మాసిపోయినది. తెర వెలుగుతో రంగులు పుట్టించును. అచ్చునకు నాలుగు సిరాలే ఆధారము. తెరమీది ప్రతి రంగును అవి తేలేవు. "స్వచ్ఛమైన తేనె" అని వ్రాసి, క్రింద ఊరిపేరు వ్రాసినాడు. ఇంగ్లీషునకు సరిపోవు ఎడమునే ఉంచుటచే, పై వరుస ఒత్తులు క్రింది గుడులపై పడినవి. మన లిపికి వరుసల నడుమ చోటెక్కువ కావలెను. ఇక తూకము, ధర, సీసాలో నింపిన తేదీ పువ్వుబొమ్మ చాటున దాగినవి. ఇవి స్పష్టముగా ఉండవలెనని చట్టము. అంత ముచ్చటైన చీటిని అంగడివాడు త్రిప్పి పంపెను!

ఈ తప్పులు దిద్దుకొనుటకు నాలుగేండ్లక్కరలేదు. మంచి అచ్చుపనివాని చెంత నాలుగైదు నెలలు చాలును. బడి యిచ్చునది వేరొకటి: పదిమంది యెదుట తన పనిని నిలిపి, ఎందుకట్లు చేసెనో చెప్పి, తప్పు పట్టించుకొనుట. కంప్యూటరే బొమ్మలు వేయుచున్న యీ కాలమున చేతిపనికంటె ఆ వివేకమునకే విలువ హెచ్చుచున్నది. ఇంటను ఊరను అట్టి సావాసము లేని పిల్లవానికి బడి యక్కర ఎక్కువని నా తలంపు.

అయినను అందుకై పంటను ముందుగా అమ్ముకొనుమని నేను చెప్పను. ఆంధ్రప్రదేశమున 2015లో వెలసిన జాతీయ డిజైను సంస్థ కేంద్రప్రభుత్వమువారిది. ఇంటర్మీడియేటు పిదప ప్రవేశపరీక్ష, చదువు నాలుగేండ్లు. గిరిజనులకు నూటికి 7.5 స్థానములు ప్రత్యేకింపబడినవి. ముందుగా ఆ తలుపు తట్టవలెను. అది తెరువకున్న రాజమహేంద్రవరమున ఏ అచ్చుకూటముననైనను ఒక యేడు పని నేర్వవచ్చును. లక్షలడుగు కళాశాలకు పోయినచో, మునుపు చదివినవారు ఇప్పుడెక్కడ పనిచేయుచున్నారో చూపుమని అడుగవలెను.

ఈ మాటలే పిమ్మట పెద్దాయనకు చెప్పి పంపితిని. మనుమడిప్పుడు ఇంటర్మీడియేటు రెండవ యేడు. మొన్న చింతపండు పొట్లమునకు క్రొత్త చీటి చేసి పంపినాడు. తూకము కనబడుచున్నది, ఒత్తులకు చోటు విడిచినాడు. రంగు మాత్రము ఇంకను కొంచెము మాసియే యున్నది.