ముద్ర చక్రవర్తిది, పని ఎవరిది? – మింగ్, చింగ్ కాలాల చిత్రలేఖనం, పింగాణీ కళ

1. పరిచయం

దొంకేశ్వర్‌లోని మా ఇంట్లో మామిడికాయ తొక్కు ఇప్పటికీ జాడీలోనే ఉంటుంది. మీ ఇంట్లోనూ ఒక పింగాణీ గిన్నో, కప్పో ఉండే ఉంటుంది. పింగాణీకి వాడే తెల్లమట్టిని తెలుగులో చీనామట్టి అంటాం. ఆ పేరులోనే దాని పుట్టుక తెలుస్తుంది. మింగ్ (1368–1644), చింగ్ (1644–1912) వంశాల పాలనలో చైనాలో చిత్రకారునికీ, పింగాణీ పనివానికీ దక్కిన గుర్తింపులో ఎంత తేడా ఉందో ఈ పాఠంలో తెలుసుకుంటారు.

2. పండితుని కుంచె

ఆ కాలంలో విద్యావంతులు పోటీ పరీక్షలు రాసి ప్రభుత్వోద్యోగాల్లో చేరేవారు. చేతిరాత, చిత్రలేఖనం రెండింటికీ వారు వాడింది కుంచె, సిరా. జీవనోపాధి కోసం కాక, మనసులోని భావాన్ని తెలపడానికి గీసిన చిత్రమే ఉత్తమమని వారు భావించారు. ఈ అభిప్రాయానికి సిద్ధాంత రూపం ఇచ్చినవారిలో డాంగ్ చీచాంగ్ (1555–1636) ముఖ్యుడు. ఆయన స్వయంగా ఉన్నతాధికారి, చిత్రకారుడు. ఇలాంటి చిత్రకారులు తమ చిత్రంపై పేరు రాసి, ఎర్రని ముద్ర వేసేవారు. తర్వాత దానిని సేకరించినవారు కూడా తమ ముద్రలు వేసేవారు. అందువల్ల చిత్రం ఎవరిదో, ఎవరెవరి చేతులు మారిందో చాలావరకు దానిమీదే చదవవచ్చు.

3. పింగాణీ పనివాని చేయి

పింగాణీకి ప్రధాన కేంద్రం జింగ్‌డెజెన్ పట్టణం. అక్కడి నీలి–తెలుపు పాత్రల తయారీ ఇలా ఉండేది: ఆరిన పచ్చి పాత్రపై కోబాల్ట్ రంగుతో బొమ్మ గీసి, పైన మెరుగుపూత పూసి, సుమారు 1300 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చేవారు. పచ్చి మట్టి రంగును వెంటనే పీల్చుకుంటుంది కనుక తప్పు గీస్తే చెరపడం కుదరదు. బట్టీలో కాలిన తర్వాతే నల్లని గీత నీలంగా మారుతుంది.

ఒక పాత్ర పూర్తయ్యేలోగా 72 చేతులు మారుతుందని సాంగ్ ఇంగ్‌షింగ్ 1637లో తన గ్రంథంలో రాశాడు. ఒకరు అంచు గీత మాత్రమే గీస్తే, మరొకరు పువ్వు రూపురేఖలు గీసేవారు, వేరొకరు రంగు నింపేవారు. రాజాస్థానానికీ, విదేశీ వ్యాపారానికీ ఒకే తీరు పాత్రలు పెద్ద సంఖ్యలో కావలసి రావడమే ఈ శ్రమవిభజనకు కారణం. అయితే పాత్ర అడుగున సాధారణంగా కనిపించేది వంశం పేరు, చక్రవర్తి పాలనాకాలపు పేరు మాత్రమే. ఆ ముద్రను గుడ్డిగా నమ్మరాదు. చింగ్ కాలపు పాత్రలపై మింగ్ ముద్రలు వేయడం కూడా ఉండేది.

4. మన చుట్టూ చూద్దాం

హైదరాబాద్‌లో 1951లో ప్రారంభమైన సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా పింగాణీ విభాగం ఉంది. వెళ్లినప్పుడు అంచు గీతను, పువ్వును, రంగును విడివిడిగా గమనించండి. ముగ్గురి పని మీకు కనిపించవచ్చు.

గోదావరి దాటితే వచ్చే నిర్మల్‌లో కొయ్యబొమ్మలు ఊరి పేరుతోనే ప్రసిద్ధి. వాటిని చెక్కినవారి పేరు కొన్నవారిలో ఎందరికి తెలుసు? నిజామాబాద్ మార్కెట్‌కు చేరిన పసుపును చూసి, తవ్విన, ఉడకబెట్టిన, ఆరబెట్టిన చేతులను ఎవరు గుర్తిస్తారు? కళాచరిత్ర చదివేటప్పుడు సంతకం ఉన్న పనినే కళ అనుకుంటే, చరిత్రలో సగం మన కంటికి కనబడదు.

5. మీ ప్రగతిని పరీక్షించుకోండి

అ) పండిత చిత్రకారుడు, పింగాణీ పనివాడు పొందిన గుర్తింపులో తేడాకు కారణాలు రాయండి.
ఆ) మీ ఊరిలో పలువురి చేతుల మీదుగా తయారయ్యే ఒక వస్తువును ఎంచుకొని, దాని తయారీ దశలను వరుసగా రాయండి. ఆ పని చేసినవారి పేర్లు అడిగి తెలుసుకోండి.