జెనీవా చూపు, జల్‌పల్లి గుడిసె

హైదరాబాదు పాతబస్తీ దాటి దక్షిణముగా బాలాపూర్ వైపు సాగినచో జల్‌పల్లి వచ్చును. ఆ పరిసరములలో వెదురు బొంగులపై టార్పాలిన్ పట్టాలు కప్పిన గుడిసెలలో, బర్మా నుండి వచ్చిన రోహింగ్యా కుటుంబములు తలదాచుకొన్నవి. 1982 నాటి పౌరసత్వ చట్టము వారిని స్వదేశముననే పరాయివారిని చేసినది. 2012లో అరకాన్ ప్రాంతమున చెలరేగిన హింస పలువురిని ఇల్లు విడువజేసినది. ఇచ్చట వారి చేతనున్న ఆధారము ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన చిన్న కార్డు. ఆ కార్డు వారిని ఎంతవరకు కాపాడగలదు?

సమాధానము కొంత జెనీవాలో వెదకవలెను. 1966లో సమితి ఆమోదించిన పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో భారతదేశము 1979లో చేరినది. చేరిన దేశము తన నడవడిని గూర్చి నివేదిక పంపవలెను. 18 మంది నిపుణుల సంఘము దానిని చదివి, ప్రభుత్వ ప్రతినిధులను ఎదుట కూర్చుండబెట్టి ప్రశ్నించును. ఆ సంఘమునకు పోలీసులు లేరు, చెరసాల లేదు. రచ్చకెక్కుటకు జంకు ప్రభుత్వములకు ప్రశ్నయే చాలునని నమ్మకము. కాని అడుగుటకు అవకాశము చిక్కవలెను గదా! మన దేశపు మూడవ నివేదికపై విచారణ 1997లో జరిగినది. నాలుగవది 2001 చివరకే అందవలసియుండగా, దానిపై విచారణ 2024 జులైలో గాని జరుగలేదు. నడుమ 27 సంవత్సరములు! ఒక తరము పుట్టి, పెరిగి, బిడ్డలను కన్న కాలమది.

ఒడంబడిక రెండవ అధికరణము పౌరులకే గాక, దేశపు ఎల్లలలోనున్న ప్రతి వ్యక్తికిని హక్కులు చెప్పినది. చట్టబద్ధముగా ఉన్న విదేశీయుని వెళ్లగొట్టుటకు ముందు అతని మాట వినవలెనని 13వ అధికరణము. సరిగా ఆ అధికరణము వద్దనే భారత ప్రభుత్వము, విదేశీయుల విషయమున తన చట్టమునే వర్తింపజేయు హక్కును అట్టిపెట్టుకొన్నది. 1951 నాటి శరణార్థుల ఒప్పందములో చేరనే లేదు. వ్యక్తి నేరుగా జెనీవా సంఘమునకు ఫిర్యాదు చేసికొనుటకు వీలు కల్పించు అనుబంధ పత్రమునకును దూరముగానే ఉన్నది. గుడిసె నుండి జెనీవాకు తిన్నని దారి లేదన్నమాట.

ఇక మన న్యాయస్థానము. జీవించు హక్కు పరాయివానికిని కలదని 1996లో చక్మాల కేసున సుప్రీంకోర్టు చాటినది. 2021 ఏప్రిల్‌లో జమ్మూ రోహింగ్యాల విషయమున, ఆ హక్కు అందరిదేయని ఒప్పుకొనుచునే, పంపివేయబడకుండుట పౌరుల నివాస హక్కుకు అనుబంధమని పలికి, పంపివేతను ఆప నిరాకరించినది. విహితమైన పద్ధతిని పాటింపవలెనని మాత్రము ఆదేశించినది. ఆ పద్ధతి తలుపు తట్టిననాడు చేతనున్న కార్డును చదువునో చదువదో, జల్‌పల్లి గుడిసెలలోని తల్లులకు తెలియదు.